నూతిలో పడ్డాది

నాకు సంతకం పెట్టడం వచ్చు. అంతకు మించి అక్షరం రాదు. అందుకే ఇదంతా నేను చెబుతుంటే మా తోటికోడలు రాస్తోంది. మా మరిది పెళ్లాం. పాతపట్నం పిల్ల, పదో తరగతి దాకా చదివింది. "అక్కా, కాస్త నిమ్మళంగా సెప్పు, సెయ్యి లాగేస్తంది" అని ఇప్పటికే రెండుసార్లు కలం పడేసింది. నిమ్మళంగా చెప్పడం నాకు చేతకాదు. నా గొంతే అంత. కాపరానికి వచ్చిన నాటి నుంచీ నూతి గట్టు మీద నిలబడి, అడుగున ఉన్న మనిషికి వినపడేలా అరిచీ అరిచీ ఇలా బొంగురుపోయింది. ఫోనులో నన్ను కొత్తగా విన్నవాళ్లు "ఎవరు బాబూ మీరు" అంటారు.

మాది నౌపడ దగ్గర ఊరు. ఇంటి ముందు నిలబడితే ఉప్పుమళ్లు తెల్లగా కనిపిస్తాయి. మా ఇంటి పని ఒరల నూతులు దించడం. సిమెంటుతో గుండ్రంగా ఒర పోసి ఇసక నేల మీద నిలబెడతాం. లోపల మనిషి కూర్చుని తవ్వుతూ ఉంటే ఆ ఒర తన బరువుకి తనే కిందికి దిగుతుంది. దాని మీద ఇంకో ఒర. లోపల మా ఆయన, పైన గిలక దగ్గర నేను. ఆయన గమేళాలో ఇసక నింపి తాడు కుదిపితే నేను లాగేదాన్ని. మా నేలలో పైన తీపి నీరు, దాని కింద ఉప్పునీరు. ఒర ఎక్కువ దిగిందా, నుయ్యంతా పాడు. అందుకని నీరు పడగానే ఆయన దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుని, చాలో ఇంకా దిగాలో చెప్పేవాడు. అలా ఎన్ని నూతుల నీళ్లు తాగాడో ఆయనకే తెలియదు. ఆఖరికి కిడ్నీలు పాడై కన్నుమూశాడు. మా వైపు ఆ జబ్బు చాలా ఇళ్లలో ఉంది. నీళ్ల వల్లేనని కొందరంటారు, కాదని కొందరంటారు. మా అత్త ఏమీ అనదు. కాకపోతే ఆ రోజు నుంచీ ఇంట్లో ఎవరు నీళ్లు తాగుతున్నా గ్లాసు వంక చూస్తూ ఉంటుంది.

ఆయన తరవాత లోపలి పని మా మరిది చేతికి వచ్చింది. గిలక మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

విజయనగరంలో ఒక సేవా సంస్థ ఉంది. మంచినీళ్లు లేని ఊళ్లకి నూతులు వేయిస్తూ ఉంటారు, మన దేశంలోనూ, బయటా. ఆఫ్రికాలో మలావీ అనే దేశంలో పెద్ద చెరువు ఉందట, సముద్రమంత. దాని ఒడ్డున అంతా ఇసక. అక్కడి వాళ్లకి ఒర దించడం నేర్పడానికి మనుషులు కావాలని మా మరిదిని అడిగారు. జీతం లేదు, సేవ. రానూపోనూ ఖర్చూ తిండీ వాళ్లు చూసుకుంటారు. మా మరిది ఒకటే అన్నాడు: "పైన మా వొదిన లేకపోతే నాను ఏ నూతిలోకీ దిగను. అది ఆప్రికా నుయ్యైనా సరే." అలా ఇద్దరికీ పాస్‌పోర్టులు వచ్చాయి.

అసలు కష్టం మా అత్త దగ్గర వచ్చింది.

"ఏటే, ఇక్కడ నూతులన్నీ అయిపోనాయేటి?" అంది.

"అక్కడ ఆవులూ మనుసులూ ఒకే సెలమలో తాగతన్నారట అత్తా."

ఆ మాట వింటూనే అత్త వెల్లుల్లి వలుస్తోంది. వలవడం అయ్యాక చేట పక్కన పెట్టింది.

"ఎల్లు. గాని ఒక మాట. రోజూ నీ గొంతు నాకు ఇనపడాల. ఏ రోజు ఇనపడదో ఆ మరసటి రోజు ఇమానం ఎక్కీయాల. నుయ్యి సగంలో ఉన్నా సరే. నా నెత్తి మీద సెయ్యేసి ఒట్టెయ్."

"నీ కొడుకు గొంతు అక్కర్లేదేటి?"

"వాడి గొంతు ఎవులికే కావాల? వాడు ఎక్కడున్నా తింటాడు, తొంగుంటాడు."

నెత్తి మీద చెయ్యి వేసి ఒట్టు వేశాను. మా ఇళ్లలో నెత్తి మీద ఒట్టు అంటే ఆట కాదు. అప్పుడు అత్త లోపలికి వెళ్లి పసుపూ కుంకమా గుడ్డలో మూటకట్టి తెచ్చి ఇచ్చింది. "నీరు పడ్డాక నూతికి పసుపు రాయించు. అక్కడ ఎవులో ఒక పేరంటాలు సేత రాయించు" అంది. నువ్వు రాయకు అని ఆమె అనలేదు. అనక్కర్లేదు కూడా. ఇక్కడైనా అంతే కదా. ఒర పోసేది నేను, ఇసక లాగేది నేను, నీరు పడిన రోజు పసుపు రాసేది మా తోటికోడలు. ఆ వేళ నేను తాడు చుట్ట చుట్టుకుంటూ కాస్త ఎడంగా ఉంటాను. అదేమీ నాకు కష్టంగా ఉండేది కాదు. అలవాటు. ("అదీ రాయాలా అక్కా?" అంటోంది. రాయవే.)

విమానం సంగతి వదిలేయండి, అందరూ ఎక్కుతున్నారు. ఊరి సంగతి చెబుతాను.

దిగిన రోజే ఆడవాళ్లంతా నా చుట్టూ మూగి "అమాయి, అమాయి" అన్నారు. నేను సిగ్గుపడిపోయాను. తల నెరిసిన ముండని పట్టుకుని అమ్మాయి అంటారేమిటీ అని. మాతో వచ్చిన సంస్థ పిల్ల, విజయనగరం పిల్ల, నవ్వి చెప్పింది: వాళ్ల మాటలో అమాయి అంటే అమ్మ అట. మా మరిది ఊరుకుంటాడా? ఆ రోజు నుంచీ "అమ్మాయిగారూ, గమేళా దింపండి" అని నూతిలోంచి ఒకటే ఎటకారం. ఇంకో మాట మాడ్జి. పిల్లలు చేతులు చాపి "మాడ్జి, మాడ్జి" అంటే మజ్జిగ అడుగుతున్నారనుకుని, ఇక్కడ ఆవులున్నాయి కదా, తోడు పెట్టుకోవడం తెలియదేమో పాపం అని జాలిపడ్డాను. మాడ్జి అంటే నీళ్లట.

ఆ నీళ్లు చూశాను. వాగు ఇసకలో చెలమ తవ్వి, ఆడవాళ్లు చిన్న గిన్నెతో ఊరిన నీటిని ఊరినట్టు తోడుకుంటున్నారు. పక్క చెలమలో ఆవు మూతి పెట్టి ఉంది. నేను చూస్తూ ఉండగానే ఒక పిల్ల గిన్నె ఎత్తి గటగటా తాగేసింది. మా అత్త గ్లాసు వంక ఎలా చూస్తుందో నేనూ అలాగే చూశాను.

నూతికి చోటు మా మరిదే చూపించాడు. ఊరి చివర పెద్ద చెదపుట్ట ఉంది, మనిషి కంటే ఎత్తు. పుట్ట ఉన్నచోట అడుగున నీరుంటుందని మన పెద్దవాళ్లు అంటారు కదా, దాని పక్కనే గీత గీశాడు. ఆ పుట్టకి ఇంకో గుణం కూడా ఉంది. ఊరంతటికీ దాని మీద ఒక్కచోటే ఫోనుకి సిగ్నలు అందుతుంది. రోజూ నా గొంతు అత్తకి చేరాలంటే పుట్ట ఎక్కాలి. పుట్టని తొక్కడమా! నాగులచవితికి పాలు పోసే చెయ్యి ఇది. చెప్పులు విప్పి, దండం పెట్టి, చెంపలు వేసుకుని, చెంబుడు నీళ్లు పోసి అప్పుడు ఎక్కాను. అక్కడి ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు.

"వొదినా, ఈ పుట్టలో నాగేంద్రుడికి తెలుగు రాదు. దండాలు దండగ" అన్నాడు మా మరిది.

"నీకు వస్తాది గదరా, నీకేటి బుద్దొచ్చింది?" అన్నాను.

తరవాత తరవాత ఆ ఊరి ఆడవాళ్లు కూడా పుట్ట దగ్గరకి వస్తే చెప్పులు విడవడం మొదలుపెట్టారు. ఎందుకో వాళ్లకి తెలియదు, నేను చెప్పలేను.

సాయంత్రం పూట ఫోనులో మైకు బొమ్మ మీద వేలు నొక్కిపెట్టి చెప్పేదాన్ని. "అత్తా, నానే. అన్నం తిన్నాను. ఇక్కడ మొక్కజొన్న పిండి సంకటి, దాన్లోకి సేపల కూర. సేపలు మన కళింగపట్నం సేపల్లాగే ఎండబెడతారు, కంపు కూడా అదే. ఒర దిగతంది. నీ కొడుకు బాగున్నాడు." వేలు తీస్తే మాట ఎగిరి అత్త ఫోనుకి పోయేది. అక్కడ ఇంటి అరుగు మీద ఫోను పెట్టి సగం వీధి వినేదట. జవాబుగా మా అత్త కూడా పంపేది. ఆమెకి నొక్కడం తెలుసు, మాట్లాడాలని గుర్తుండదు. అందుకని అత్త జవాబంటే ఒక కాకి అరుపు, కుక్కరు కూత, ఎవరో మేకని అదిలించడం, అత్త ఊపిరి, ఆఖర్న "ఇందులో మాటాడాలేటే?" అని ఒక్క ముక్క. అంతే, అయిపోయేది. మళ్లీ మళ్లీ పెట్టుకుని వినేదాన్ని. మాటలు ఉంటే అంత బాగుండేది కాదేమో.

ఒక రోజు మబ్బు కమ్మి పుట్ట మీద కూడా సిగ్నలు రాలేదు. నాకు ఒట్టు గుర్తొచ్చింది. అప్పటికి ఒరలు సగం దిగాయి. వానలు దగ్గరపడ్డాయి. ఇప్పుడు వదిలేసి పోతే నోరు తెరిచిన నూతిలోకి బురదంతా జారి, చేసిన పని పూడిపోతుంది. నా దగ్గర గిలక పని నేర్చుకుంటున్న ఒక ఆడమనిషి నా మొహం చూసింది. భాష లేదు, ఫోను చూపించాను, ఆకాశం చూపించాను. ఆమె సైకిలు తెచ్చి నన్ను వెనక కూర్చోబెట్టుకుని రోడ్డు మీది కొట్టు దాకా తొక్కింది. నేను బరువైన మనిషిని. దారంతా రొప్పుతూ పాడుతూనే ఉంది. అక్కడ సిగ్నలు దొరికింది. "అత్తా, నానే" అన్నాను. ఆ రోజు అంతకంటే ఏమీ చెప్పలేదు.

ఇక నీరు పడిన రోజు.

పొద్దు వాలుతోంది. విజయనగరం పిల్ల బోరింగు సామాను కోసం పట్నం వెళ్లింది. మా మరిది నూతి అడుగున ఉన్నాడు. గిలక దగ్గర నా శిష్యురాలు, అదే సైకిలు మనిషి, ఇంకొందరు ఆడవాళ్లు. నేను చెప్పులు విప్పి పుట్ట ఎక్కి, వేలు నొక్కిపెట్టి మొదలుపెట్టాను: "అత్తా, నానే. ఇయ్యేళ ఏటయ్యిందంటే..."

అడుగు నుంచి మా మరిది కేక: "వొదినా! పడ్డాది! నూతిలో పడ్డాది!"

"ఓలమ్మో!" అన్నాను నేను. నా శిష్యురాలు లోపలికి తొంగి చూసింది, నీళ్లు మెరిశాయి. అంతే, ఆడవాళ్లంతా నాలుకలు ఆడిస్తూ ఒక్కసారిగా ఉలులులులు అని ఊరు దద్దరిల్లేలా కూత పెట్టారు. అది వాళ్ల సంతోషపు కూత. నేను పుట్ట మీంచి దూకాను. ఫోను చేతిలోంచి జారి, అప్పుడే పైకి వచ్చిన గమేళాలో బురదలో పడింది. దాన్ని చూసే తీరిక ఎవరికి? నీరు పడ్డాది!

దూకుతూ వేలు తీశాను కదా. ఆ మాట నౌపడ వెళ్లిపోయింది.

ఇప్పుడు ఇక్కడ ఏం జరిగిందో మా తోటికోడలు చెప్పిందే చెబుతున్నాను. అరుగు మీద వీధంతా విన్నారు. నేను అత్తా అన్నాను. తరవాత మా మరిది, వదినా, పడ్డాది, నూతిలో పడ్డాది. తరవాత నేను ఓలమ్మో. తరవాత ఆడవాళ్ల గోల. తరవాత ఏమీ లేదు. తిరిగి ఫోను చేస్తే మోగదు. మా మరిది ఫోను ఎప్పటిలా చచ్చి ఉంది. మన మాటలో నీరు పడినా పడ్డాదే, మనిషి పడినా పడ్డాదే. ఆడదానికీ నీటికీ ఒకటే మాట పెట్టిన వాళ్లని ఏమనాలి?

అత్త ఏడవలేదట. ఫోను కింద పెట్టి కొప్పు విప్పేసిందట. అది చూసి వీధంతా ఏడుపు అందుకుంది. పొయ్యి మీది కూర దించేశారు. నేను బతికుండగా ఒక మంచి మాట అనని వాళ్లు కూడా "ఓలమ్మ, ఎంత మంచి మనిసి, కోయిల గొంతు" అన్నారట. నా గొంతు! ఎప్పుడో పట్టుకుపోయిన నా ఇడ్లీ రేకులు ఒకావిడ ఏడుస్తూ తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఎవరో విజయనగరం సంస్థకి ఫోను చేసి నేను పోయానని చెప్పేశారు.

అప్పుడు మా తోటికోడలు పశువుల శాల నుంచి పేడ చేతులతో వచ్చింది. ఏమైందంటే వినిపించారు. ఆమె విని, చేతులు కడుక్కుని వచ్చి, మళ్లీ వింది. ఆమె తల్లి ఒడియా మనిషి. వాళ్లలో పెళ్లికీ పేరంటానికీ ఆడవాళ్లు నాలుక ఆడించి హుళహుళి పెడతారు.

"ఏడుపులు ఆపండే! ఇది ఏడుపు కాదు, హుళహుళి!" అందట.

"ఆప్రికావోలు అలగే ఏడుస్తారేమో, నీకేటి తెలుసు?" అంది ఇడ్లీ రేకుల ఆవిడ.

"సావింట్లో హుళహుళి ఎవులైనా ఎడతారేటి? మా ఆయన గొంతు ఇను. కల్లు తాగిన నాడు కూడా ఇంత కుసీగా అరవడు. తన వొదిన నూతిలో పడితే ఇలాగ అరుస్తాడా? నీరే, నీరు పడ్డాది!"

ఫోను అత్త చెవి దగ్గర పెట్టింది. అత్త కళ్లు మూసుకుని విని, "వాడు ఇలాగ అరిసేది నీరు పడ్డప్పుడే" అందట. ఏడుపులు ఆగాయి. కూర మళ్లీ పొయ్యి ఎక్కింది. కానీ అత్త మాత్రం కొప్పు ముడి వేయలేదు. "దాని గొంతు ఇన్నాక ముడేస్తాను" అని అరుగు మీదే కూర్చుంది.

అక్కడ మలావీలో, చీకటి పడేముందు విజయనగరం పిల్ల బండి మీద వచ్చింది, ఏడుపు మొహంతో. సంస్థ వాళ్లు ఆమెకి చెప్పారు మరి. నేను కాళ్లు చాపుకుని వేయించిన పల్లీలు తింటున్నాను. నన్ను చూసి కెవ్వుమంది.

"అమ్మా! మీరు బతికే ఉన్నారా?"

"ఏం, ఉండకూడదేటి?"

సంగతి తెలిసి మా మరిది నేల మీద పడి దొర్లి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల ఫోను తీసుకుని పుట్ట ఎక్కి, నేరుగా ఇంటికే ఫోను కలిపాను. ఆ ఒక్కసారి మాత్రం చెప్పులు విప్పడం మరిచిపోయాను.

"అత్తా."

అటు నుంచి ఊపిరి. ఎప్పటి ఊపిరే.

"ఇంకోపాలి అను."

"అత్తా, నానే."

"ఇంకోపాలి."

"నానేనే అత్తా, సావలేదు."

"ముండా! ముండముండా! నీ గొంతు కాలిపోను!" అని మొదలుపెట్టి, నన్నూ, ఫోనునీ, కొడుకునీ, ఆఫ్రికానీ కలిపి తిట్టింది. నేను వింటూ నిలబడ్డాను. తిట్లు అయ్యాక ఏం అంటుందో నాకు తెలుసు. ఆమె అనకముందే నేనే అన్నాను.

"అత్తా, నీరు పడ్డాది గాని నుయ్యి అవలేదు. ఇంకా ఒర దించాల, పైన మూత పొయ్యాల, బోరింగు బిగించాల. వానలు వచ్చేస్తన్నాయి. నువ్వు రమ్మంటే ఒగ్గీసి వచ్చీస్తాను. ఒట్టేసినాను గద."

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"నీరు ఎలగున్నాది?"

"తియ్యగుందంట. నీ కొడుకు దోసిట్లో తాగి సూసినాడు."

"ఎవులు తాగమన్నారు వాడిని!" ఆ కేకకి పుట్ట కింద ఉన్న మా మరిది కూడా బిగుసుకుపోయాడు. "వాళ్లన్న అలగే తాగినాడు. పరీచ్చ సేయించరా ఆ నీరు?"

"సేయిస్తారత్తా. సీసాలో ఎట్టి పట్నం పంపుతారట."

"అయితే ఇను. ఆ పరీచ్చ వచ్చి, మంచిదని సెప్పినదాకా నువ్వు రాకు. రమ్మని నాను ఏడిసినా రాకు. ఆ ఊర్లో ఏ తల్లీ నాలాగ గ్లాసులు సూసుకుంటా కూకోకూడదు."

"అలగేనత్తా" అన్నాను.

"పసుపు రాసినారేటి?"

"లేదత్తా. రేపు ఇక్కడ పేరంటాలు ఎవులినైనా పిలిసి..."

"నువ్వే రాయ్."

"నానా?"

"ఇందాక సచ్చిపోనావన్నారు. ఇప్పుడు బతికినావు. సచ్చి బతికినదానికి ముండేటి, పేరంటాలేటి? కొత్తగా పుట్టినావు. రాయ్." అని, పక్కనున్న ఎవరితోనో "ఒసే, దువ్వెన ఇలా ఇయ్యి, కొప్పు ముడేసుకోవాల" అంది. అది మాకు వినపడుతుందని ఆమెకి తెలియదు.

మర్నాడు మూట విప్పాను. పసుపు నీళ్లతో కలిపి ఒర అంచుకి రాస్తుంటే నా చెయ్యి నాకే కొత్తగా కనిపించింది. గిలక తాడుకి అరచేతిలో కాసిన కాయల మీద పసుపు. కుంకం బొట్లు పెట్టాను. నా శిష్యురాలు వచ్చి ఇదేమిటని చూసి, వేలు ముంచి తన మొహానికి రాసుకుంది. అది బాగుందని అందరూ రాసుకున్నారు. పసుపు మొహాలతో అందరూ నా మొహానికి కూడా రాసి ఆ కూత పెట్టారు. నేను కూడా నాలుక ఆడించి చూశాను. నా బొంగురు గొంతుకి అది కప్ప అరిచినట్టు వచ్చింది. నవ్వీ నవ్వీ ఒకరి మీద ఒకరు పడ్డారు.

ఇంకా ఒర దించాం, మూత పోశాం, బోరింగు బిగించాం. పరీక్ష అయి వచ్చేదాకా బోరింగు పిడికి గొలుసు వేసి కాపలా కాశాను. మా మరిది దాహం అన్నా కాచిన నీళ్లే. మొదటి వాన పడిన మర్నాడు పట్నం నుంచి కబురు వచ్చింది. నీరు మంచిది, పసిపిల్లకి కూడా పట్టవచ్చు అని. గొలుసు తీశాను. ఆ రోజు చెలమలో గటగటా తాగిన పిల్లనే ముందు నిలబెట్టి బోరింగు కొట్టాం. ఆ పిల్ల గిన్నె ఎత్తి తాగుతూ ఉంటే నేను గిన్నె వంక చూశాను. భయం వేయలేదు.

బియ్యం డబ్బాలో పెట్టగా నా ఫోను అప్పటికి బతికింది. పుట్టకి దండం పెట్టి, చెప్పులు విప్పి ఎక్కాను. మైకు నొక్కి, "అత్తా" అనబోయి ఆగాను. చెయ్యి చాపి ఫోనుని బోరింగు వైపు పట్టుకున్నాను. బోరింగు కిర్రుమనడం, బిందెలో నీళ్లు పడడం, బిందె నిండుతుంటే ఆ చప్పుడు సన్నబడడం. నిండాక వేలు తీశాను.

జవాబు వచ్చింది. ముందు కాకి. తరవాత కుక్కరు. తరవాత చాలాసేపు అత్త ఊపిరి. మరిచిపోయిందిలే అనుకుంటూ ఉండగా ఆఖర్న ఒక్క మాట.

"ఇనపడ్డాది."